టెస్లా షేరా, టెస్లా ఉన్న సూచీ ఫండా: పదేళ్ల మదుపుకు ఏది మేలు?

అమెరికా విద్యుత్ కార్ల కంపెనీ టెస్లా మీద నమ్మకంతో పదేళ్లకో పదిహేనేళ్లకో డబ్బు పెట్టాలనుకునే వారికి మూడు దారులున్నాయి. ఉన్న డబ్బంతా పెట్టి షేరును ఒకేసారి కొనడం మొదటిది, అదే డబ్బును నెలనెలా విడతలుగా పెట్టడం రెండోది, టెస్లా కూడా ఒక భాగంగా ఉన్న అమెరికా సూచీ ఫండ్‌ను (ఒక జాబితాలోని పెద్ద కంపెనీలన్నిటి షేర్లలో కలిపి డబ్బు పెట్టే ఫండ్‌ను) ఎంచుకోవడం మూడోది. నా తీర్పు ముందే చెబుతాను: కుటుంబ భవిష్యత్తు ఆధారపడిన డబ్బుకు మూడో దారే మేలు, పోయినా ఇల్లు గడిచే కొద్దిపాటి సొమ్ముకు రెండో దారి తగినది, మొదటి దారి చాలా మందికి తగదు.

మొదటి దారిని సమర్థించే వారు చూపే లెక్క అబద్ధం కాదు. 2010 జూన్ 29న టెస్లా 17 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది. 2020 ఆగస్టులో ఒక షేరును ఐదుగా, 2022 ఆగస్టులో ఒక్కోదాన్ని మూడుగా విభజించారు కాబట్టి, ఆనాటి ఒక షేరు ఇప్పుడు 15 షేర్లు. 2024 డిసెంబరు 17 నాటి ముగింపు ధర 479.86 డాలర్ల ప్రకారం ఆ 17 డాలర్లు 7,200 డాలర్లకు చేరువయ్యాయి. అయితే ఈ లెక్క మొదటి రోజు కొని, మధ్యలో ఒక్కసారి కూడా అమ్మని వారిది. 2021 నవంబరు 4న, విభజనల మేరకు సర్దిన లెక్కలో, షేరు 410 డాలర్ల దగ్గర ముగిసింది. 2022 చివరికి 123 డాలర్లకు పడిపోయింది. శిఖరం దగ్గర కొన్న వ్యక్తి తన అసలు తాను చూడటానికి 2024 డిసెంబరు దాకా, అంటే మూడేళ్లకు పైగా ఆగవలసి వచ్చింది. 70 శాతం పడిన షేరు మళ్లీ మొదటికి రావాలంటే 233 శాతం పెరగాలి. ఆ మూడేళ్లలో ఇంట్లో పెళ్లో, వైద్యమో, ఉద్యోగం పోవడమో జరిగితే ఓపిక ఎంత ఉన్నా నష్టానికే అమ్మవలసి వచ్చేది.

కంపెనీని బాగా తెలుసుకుంటే ఈ ప్రమాదం తగ్గుతుందని చాలా మంది అనుకుంటారు. నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. 2022లో టెస్లా అంతకు ముందటి ఏడాది కంటే 40 శాతం ఎక్కువగా, 13 లక్షలకు పైగా కార్లు అందించింది. నికర లాభం 550 కోట్ల డాలర్ల నుంచి 1,260 కోట్ల డాలర్లకు పెరిగింది. ఆ ఏడాదే షేరు 65 శాతం పడింది. 2024లో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగింది. కార్ల అమ్మకాలు 18.1 లక్షల నుంచి 17.9 లక్షలకు తగ్గాయి, నికర లాభం 1,500 కోట్ల డాలర్ల నుంచి 710 కోట్లకు దిగింది (2023 లాభంలో ఒక్కసారికే వచ్చిన పన్ను ప్రయోజనం కలిసి ఉంది, అది తీసేసినా తగ్గుదలే), షేరు మాత్రం 60 శాతానికి పైగా పెరిగింది. ఈ ధరలో కార్ల వ్యాపారంతో పాటు డ్రైవరు లేని టాక్సీలు, మనిషిని పోలిన రోబోలు అనే ఆశల విలువ కూడా కలిసి ఉంది. కార్ల లెక్కలు శ్రద్ధగా చదివిన మదుపరికి కూడా ఆ ఆశ ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తరుగుతుందో తెలియదు. కంపెనీ డివిడెండ్ (లాభంలోంచి షేరుదారులకు పంచే వాటా) కూడా ఎన్నడూ ఇవ్వలేదు కనుక, ఎదురుచూసే కాలంలో చేతికి వచ్చేది ఏమీ లేదు.

రెండో దారి ఈ బాధను కొంత తగ్గిస్తుంది. ఉదాహరణకు సమానమైన రెండు మొత్తాలను ఒకటి 410 డాలర్ల దగ్గర, ఇంకొకటి 123 డాలర్ల దగ్గర పెట్టిన వారి సగటు కొనుగోలు ధర 189 డాలర్లే. 2023 చివరికి షేరు 248 డాలర్లకు చేరినప్పుడు వారు 31 శాతం లాభంలో ఉండగా, అంతా ఒకేసారి 410 దగ్గర పెట్టిన వారు 39 శాతం నష్టంలోనే ఉన్నారు. 2020 వంటి ఏడాదిలో మాత్రం ఫలితం తారుమారవుతుంది: అప్పుడు షేరు ఒక్క ఏడాదిలోనే ఎనిమిది రెట్లకు పైగా అయింది కాబట్టి, విడతలు వేసిన వారికి దక్కింది తక్కువ. పైగా విడతలు కాపాడేది కొనుగోలు ధరనే గాని, కంపెనీ ఎంపికలో పొరపాటును కాదు. 2021లో చాలా మంది ఇతర విద్యుత్ వాహన కంపెనీల్లో మరో టెస్లా కోసం వెతికారు. ఆ నవంబరులో 78 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చిన రివియన్ 2024 చివరికి 15 డాలర్ల లోపుకు చేరింది. లార్డ్స్‌టౌన్ 2023లో, ఫిస్కర్ 2024లో, నికోలా 2025లో దివాలా పిటిషన్ వేశాయి. దివాలా తీసిన ఈ మూడింటిలో నెలనెలా పెట్టిన వారికి సగటు ధర తగ్గుతూ వచ్చినా చివరికి దాదాపు ఏమీ మిగల్లేదు.

సూచీ ఫండ్‌లో లోపం లేకపోలేదు. అమెరికాలోని సుమారు 500 పెద్ద కంపెనీల సూచీ అయిన ఎస్ అండ్ పీ 500లోకి టెస్లా 2020 డిసెంబరు 21న, అంటే ఆ పెద్ద పెరుగుదల దాదాపు ముగిశాకే చేరింది. కాబట్టి ఆ సూచీని నమ్ముకున్న వారికి ఆ లాభం దక్కలేదు. నాస్‌డాక్ ఎక్స్ఛేంజీలోని సుమారు వంద పెద్ద కంపెనీల సూచీ అయిన నాస్‌డాక్ 100లో మాత్రం అది 2013 జులై నుంచే ఉంది. కనుక ఏ సూచీని ఎంచుకుంటామన్నది కూడా ముఖ్యమే. సూచీ కూడా పడుతుంది: ఎస్ అండ్ పీ 500 2022లో 19 శాతం తగ్గింది, కాని 2024 జనవరికే పాత శిఖరాన్ని దాటింది. వెనుకబడిన కంపెనీని బయటికి పంపి ఎదుగుతున్నదాన్ని లోపలికి తెచ్చుకునే వెసులుబాటు సూచీకి ఉంది. ఒకే షేరు పట్టుకున్న వారికి అది లేదు. ఎక్కువ కాలం ఆగితే చాలునన్న మాట సూచీకి వర్తించినంతగా ఒక్క కంపెనీకి వర్తించకపోవడానికి కారణం ఇదే.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి మదుపు చేసే వారికి ఇంకొన్ని తేడాలున్నాయి. నేరుగా షేరు కొనాలంటే రిజర్వ్ బ్యాంకు అనుమతించిన ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో డబ్బు పంపాలి; 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన మొత్తంపై 20 శాతం పన్ను ముందుగానే వసూలవుతుంది, దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. విదేశీ ఆస్తిగా ఆ షేరును ప్రతి ఏడాదీ రిటర్నులో చూపాలి. మన దేశపు ఫండ్ సంస్థల ద్వారా అమెరికా సూచీలో పెడితే ఈ శ్రమ ఉండదు, అయితే ఫండ్ సంస్థలకు విధించిన విదేశీ మదుపు పరిమితి నిండడంతో 2022 నుంచి చాలా ఫండ్లు కొత్త డబ్బు తీసుకోవడం పలుమార్లు ఆపాయి.

అన్నిటికన్నా తక్కువ మంది పట్టించుకునేది వారసుల సంగతి. అమెరికా పౌరులు కాక, అక్కడ స్థిరపడని వారి పేరున 60,000 డాలర్లు మించిన అమెరికా షేర్లు ఉండి వారు మరణిస్తే, ఆ పై మొత్తంపై అక్కడి ప్రభుత్వం 40 శాతం దాకా వారసత్వ పన్ను వేయగలదు. దీనిపై భారత్‌తో ఒప్పందం లేదు. మన దేశపు ఫండ్ యూనిట్లకు ఈ పన్ను తగలదు. అందువల్ల షేరు నేరుగానే కొనాలని నిశ్చయించుకున్న వారు దాని విలువను ఆ 60,000 డాలర్లకు లోపలే ఉంచుకుని, ఖాతా వివరాలను ఇంట్లో మరొకరికి ఈ రోజే చెప్పి ఉంచాలి.