డాప్లర్‌తో క్యూబ్‌శాట్ కక్ష్య: ఉన్న టీఎల్ఈని పోల్చాలా, మనమే లెక్కగట్టాలా?

ఒకే రాకెట్ నుంచి పదుల కొద్దీ క్యూబ్‌శాట్లు (చిన్న ఘనాకార ఉపగ్రహాలు) విడుదలైతే, మొదటి రోజుల్లో కేటలాగ్‌లో ‘ఆబ్జెక్ట్ ఎ, బి, సి’ అనే పేర్లతోనే టీఎల్ఈలు (కక్ష్యను రెండు వరుసల అంకెల్లో చెప్పే పట్టీలు) వస్తాయి. వాటిలో మన ఉపగ్రహం ఏదో దాని బీకన్ (అది పంపే రేడియో సంకేతం) డాప్లర్, అంటే కదలిక వల్ల మనకు అందే ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు, తేలుస్తుంది.

టీఎల్ఈలు వచ్చేసి ఉంటే పోల్చడమే మేలు, సందేహం అక్కర్లేదు. ఒక్కో టీఎల్ఈకి ప్రసార ఫ్రీక్వెన్సీని మాత్రమే మార్చనిచ్చి ఫిట్ చేసి (లెక్కను కొలతలకు వీలైనంత దగ్గరగా తెచ్చి), మిగిలిన తేడా చూడండి. సరైనదైతే అది కొన్ని పదుల హెర్ట్జ్‌లలో, ఒక తీరు లేకుండా చెల్లాచెదురుగా ఉంటుంది. తప్పుదైతే స్పష్టమైన వంపు కనిపిస్తుంది. 437 మెగాహెర్ట్జ్ బీకన్ 500 కిలోమీటర్ల దూరంలో దాటేటప్పుడు ఫ్రీక్వెన్సీ సెకనుకు దాదాపు 160 హెర్ట్జ్ చొప్పున పడిపోతుంది. కాబట్టి రెండు ఉపగ్రహాల మధ్య ఒక్క సెకను ఎడం ఉన్నా పట్టుకోవచ్చు. అంతకంటే దగ్గరగా ఉంటే, అవి విడిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగడమే మంచిది.

టీఎల్ఈ లేనే లేకపోతే మనమే లెక్కగట్టాలి. ఇక్కడే చాలామంది ఒక్క పాస్ (ఉపగ్రహం ఒకసారి మన ఆకాశాన్ని దాటడం) నుంచి మరీ ఎక్కువ ఆశిస్తారు. ఒక పాస్ గట్టిగా చెప్పేవి రెండే: అతి దగ్గరగా వచ్చిన సమయం, అప్పటి దూరం. తూర్పు వైపు నుంచి వెళ్లిందా, పడమర నుంచా అన్నది దాదాపు తేలదు. భూభ్రమణం వల్ల వచ్చే చిన్న తేడా ఒక్కటే ఆధారం. కక్ష్యను పూర్తిగా చెప్పే ఆరు సంఖ్యలు, అంటే కక్ష్యాంశాలు, అందులోంచి రావు.

ఒకే స్టేషన్‌లో రెండు రోజుల పాటు, ఉత్తరానికి వెళ్లే పాస్‌లూ దక్షిణానికి వెళ్లేవీ కలిపి తీసుకుంటే పని జరుగుతుంది. కొన్ని వందల కిలోమీటర్ల ఎడంలో మూడు స్టేషన్లుంటే తూర్పు పడమరల చిక్కు ఒక్క పాస్‌లోనే విడిపోతుంది. అయితే గడియారాలు కలవాలి: ఒక్క సెకను తేడా అంటే కక్ష్య వెంబడి ఏడున్నర కిలోమీటర్లు. గడియారాల మీద నమ్మకం లేకపోతే ఒక్క మంచి స్టేషనే నయం. దాని సమయం కాస్త తప్పినా ఆ తప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి, అదే యాంటెన్నాకు అంచనాలు సరిపోతాయి. రిసీవర్‌లో 1 పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) స్థిర దోషం (437 మెగాహెర్ట్జ్ దగ్గర 437 హెర్ట్జ్) భయపెట్టదు, స్టేషన్‌కొక ఆఫ్‌సెట్ (స్థిరమైన సవరణ) పెడితే పోతుంది. పాస్ మధ్యలో వేడికి ఫ్రీక్వెన్సీలో జరిగే డ్రిఫ్టే (మెల్లగా జారడమే) అసలు శత్రువు.

ఫిట్‌లో అన్ని అంశాలనూ ఒకేసారి వదలకండి, అంటే మారనివ్వకండి. రాకెట్ విడుదల వివరాలతో మొదలుపెట్టి ముందు ఫ్రీక్వెన్సీ, తర్వాత మీన్ అనామలీ (కక్ష్యలో ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే కోణం), ఆపై రోజుకు చుట్ల సంఖ్య, చివర్లో కక్ష్యాతలం వంపు, దిశ వదలాలి. కక్ష్య దాదాపు వృత్తమైతే ఉత్కేంద్రత (కక్ష్య ఎంత సాగిందో చెప్పే సంఖ్య), పెరిజీ (భూమికి అతి దగ్గరి బిందువు) కోణం చివరిదాకా ముట్టుకోకండి. పెరిజీ కోణం, మీన్ అనామలీ ఒకదాని మార్పును మరొకటి మింగేస్తాయి. బీస్టార్‌ను (గాలి నిరోధం ప్రభావాన్ని చెప్పే సంఖ్యను) ఒకటి రెండు రోజుల కొలతలతో వదలడం దండగ.

ఏ దారి పట్టినా రికార్డింగ్‌లో డాప్లర్ సవరణ (టీఎల్ఈ అంచనా ప్రకారం రిసీవర్ ఫ్రీక్వెన్సీని మారుస్తూ పోవడం) ఆపేయాలి. అది నడుస్తూ ఉంటే మీరు కొలిచేది ఉపగ్రహాన్ని కాదు, పాత టీఎల్ఈకీ దానికీ ఉన్న తేడాను. సవరణ లాగ్ భద్రంగా ఉంటేనే ఆ డేటాను మళ్లీ దారికి తేవచ్చు.