పాత టెన్నిస్సా, లాన్ టెన్నిస్సా?

టెన్నిస్ అనగానే వింబుల్డన్ పచ్చికే గుర్తొస్తుంది కానీ, అంతకు వందల ఏళ్ల ముందే ఫ్రాన్స్‌లో అరచేత్తో బంతి కొట్టి మొదలుపెట్టిన ఆట ఒకటుంది, తర్వాత రాకెట్ వచ్చింది. ఇప్పుడు దాన్ని రియల్ టెన్నిస్ అంటారు. నాలుగు గోడల మధ్య ఆట. మూడు వైపులా వాలు చూరు, సర్వీస్ ఆ చూరు మీద దొర్లి కిందికి రావాలి, గోడకి తగిలి వచ్చిన బంతీ ఆటలోదే, బంతి రెండోసారి నేలని తాకినా చాలాసార్లు పాయింట్ అప్పుడే తేలదు, ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని ఆనక ఆ పాయింట్ కోసం మళ్లీ ఆడతారు. బుర్ర వేడెక్కుతుంది!

పచ్చిక మీద ఆడే లాన్ టెన్నిస్‌కి, అంటే ఇప్పుడు మనం చూసే టెన్నిస్‌కి, ఆ గోడల ఖర్చే లేదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హ్యారీ గెమ్, పెరేరా అనే ఇద్దరు మిత్రులు ముందే ఇలాంటిది ఆడినా, 1874లో పేటెంట్ తీసుకుని నెట్, రాకెట్లు, బంతులు పెట్టెలో పెట్టి అమ్మింది బ్రిటిష్ సైన్యాధికారి మేజర్ వింగ్‌ఫీల్డ్. గుడ్డ గట్టిగా చుట్టిన పాత బంతి గడ్డి మీద ఎగరదు, రబ్బరు బంతి వచ్చాకే ఇది కుదిరింది. ఆయన కోర్టు డమరుకంలా నడుము సన్నగా ఉండేది, 1877 వింబుల్డన్‌లో దీర్ఘచతురస్రం చేశారు. 15, 30, 40 లెక్క మాత్రం పాత ఆటదే.

చూడ్డానికైతే నా ఓటు లాన్ టెన్నిస్‌కే. ఎత్తుగడల్లో మాత్రం పాతదే గట్టిది, లండన్‌లోని హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ఇప్పటికీ ఆడుతున్నారు.