పాత కెయిరిన్ ఫ్రేము తిరుపతి రోడ్డుకు ఎంతవరకు పనికొస్తుంది?

జపాన్‌లో పందేలు ఆడి రిటైరైన కెయిరిన్ సైకిళ్లు వేలంలో అమ్ముడై ఇక్కడికీ వస్తున్నాయి. కెయిరిన్ అంటే ట్రాకు మీద జరిగే, జనం డబ్బు కాసే సైకిలు పందెం. ఇలాంటి సైకిలు కొనొచ్చా అంటే, కొనొచ్చు. ఫ్రేము బంగారం. దాంతో వచ్చే చక్రాలు మాత్రం మన ఊరికి పనికిరావు. బ్రేకు అసలే ఉండదు, బిగించడానికి చిల్లు కూడా ఉండదు.

ఇలా ఎందుకంటే, ఇది పందెం టికెట్టు కొని డబ్బు కాసేవాళ్ల కోసం తయారైన సైకిలు. యుద్ధంలో చితికిపోయిన ఊళ్లకు ఆదాయం రావాలని 1948లో కొకురాలో కెయిరిన్ మొదలుపెట్టారు. ఇప్పటికీ స్థానిక ప్రభుత్వాలే చట్టప్రకారం నడుపుతున్నాయి. 333, 400, 500 మీటర్ల వాలు ట్రాకుల మీద ఏడుగురు లేదా తొమ్మిదిమంది, సుమారు 2,000 మీటర్లు తొక్కుతారు. ఒకటో నంబరు జెర్సీకి తెలుపు, రెండుకు నలుపు, మూడుకు ఎరుపు, నాలుగుకు నీలం, అలా తొమ్మిదికి ఊదా. దూరం నుంచి చూసేవాడికి తన డబ్బు ఎక్కడుందో రంగే చెబుతుంది. ఒక్కో టికెట్టు 100 యెన్లు. కాసిన మొత్తంలో సుమారు 75 శాతం గెలిచినవాళ్లకు పోతుంది. మొదటి ముగ్గురి నంబర్లూ వరస తప్పకుండా చెప్పే పందేనికి గిరాకీ ఎక్కువ.

అంత డబ్బు తిరిగేచోట అనుమానానికి తావుండకూడదు. అందుకే పోటీలు జరిగినన్నాళ్లూ రైడర్లు ఫోన్లు అప్పగించి హాస్టల్లోనే ఉండాలి. సైకిళ్లను ముందురోజే తనిఖీ చేస్తారు. గెలుపు కాళ్లదే కావాలి, సామానుది కాకూడదు అన్నది నియమం. కాబట్టి సంప్రదాయ కెయిరిన్‌లో మగ రైడర్లకు ఈనాటికీ కార్బన్ ఫ్రేము లేదు. క్రోమోలీ స్టీలు గొట్టాలు, వాటికి లగ్గు అతుకులు (గొట్టాలు కలిసేచోట ఉండే లోహపు తొడుగులు), ప్రతి భాగం మీదా జపాన్ కెయిరిన్ సంస్థ ఆమోదానికి గుర్తైన ఎన్‌జేఎస్ ముద్ర. నగసావా, కలవింక, మకినో, పానసోనిక్ తయారీ ఫ్రేముల్లో ఏది దొరికినా పనితనంలో లోటుండదు. ప్రపంచ స్ప్రింట్ టైటిల్‌ను 1977 నుంచి 1986 దాకా వరసగా పదిసార్లు గెలిచిన కోయిచి నకనో ఎక్కింది నగసావా ఫ్రేమే.

కొనేముందు ఇంకో సంగతి తెలియాలి. ఒకే ప్రాంతం రైడర్లు ‘లైను’ కడతారు. ముందున్నవాడు గాలిని చీలుస్తాడు, వెనకవాడు పక్కనుంచి దూసుకొచ్చేవాళ్లను భుజంతో ఆపుతాడు. ఎవరు ఎవరి వెనక ఉంటారో ముందే చెప్పేస్తారు, కాసేవాళ్లు దాన్నిబట్టే లెక్కలు వేసుకుంటారు. ఆటలో అందమంతా ఇక్కడే ఉంది. ఆ రాపిడిలోనే పడిపోవడాలూ ఉన్నాయి. పాత ఫ్రేము ఎప్పుడో ఒకసారి పడే ఉంటుందనుకుని పరీక్షించండి.

హ్యాండిలు కింది గొట్టం వెనకవైపు, లగ్గులు దాటాక, పై గొట్టానికీ కింద గొట్టానికీ అడుగున గోరుతో రాసి చూడండి. రంగు ముడతపడినట్టు తగిలితే గొట్టం నలిగిందన్నమాట, వదిలేయండి. ఆ తర్వాత దారం పరీక్ష. వెనక చక్రం బిగించే ఒక కొస నుంచి దారాన్ని హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి రెండో కొసకు బిగించి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దూరం సమానంగా రావాలి. ఒక మిల్లీమీటరు తేడా అయితే ఫరవాలేదు, మూడైతే వద్దు. సీటు పోస్టు (27.2 మి.మీ.) కదులుతోందో లేదో కూడా చూడండి. తుప్పుతో పట్టేసిన పోస్టును లాగడంలో మంచి ఫ్రేములే పాడైపోతాయి.

హెడ్‌సెట్ (హ్యాండిలు తిరిగే బేరింగుల సెట్టు) ఫ్రేముతోపాటే ఇవ్వమనండి. ఫోర్కు కిరీటం, అంటే బేరింగు రింగు కూర్చునే చోటు, 27.0 మి.మీ. జపాన్ కొలత, మామూలుగా దొరికే 26.4 రింగు దానికి ఎక్కదు. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) కుడి కప్పుకూ, వెనక పళ్లచక్రాన్ని పట్టి ఉంచే లాక్‌రింగుకూ ఎడమ మర, అంటే ఎడమవైపు తిప్పితే బిగుసుకునేది. ఈ మాట అంగడిలో ముందే చెప్పండి. అలవాటు ప్రకారం తిప్పితే మర అరిగిపోతుంది.

చక్రాలకు ట్యూబులర్ టైర్లు ఉంటాయి, అంటే రిమ్ముకు జిగురుతో అంటించినవి. పంక్చరైతే కుట్లు విప్పి, అతికి, మళ్లీ కుట్టాలి. మామూలు పంక్చర్ అంగట్లో అది కాదు. పైగా మన మే నెల ఎండకు, బ్రేకు వేడికి జిగురు మెత్తబడుతుంది. ముందు 100, వెనక 120 మి.మీ. హబ్బులతో 700సీ మామూలు చక్రాలు కట్టించుకోండి. టైరు 23 మి.మీ. పడుతుంది, 25 కొన్నిటికే. చైను మాత్రం సులువు. మన మామూలు సైకిలు చైను కొలతే, 1/2 × 1/8 అంగుళం. మధ్యలో సుమారు ఒక సెంటీమీటరు ఆడేలా బిగిస్తే చాలు.

బ్రేకు కోసం అసలు ఫోర్కుకు చిల్లు పెట్టొద్దు. ముద్ర విలువ పోతుంది, కిరీటమూ బలహీనమవుతుంది. నూనె గుడ్డ చుట్టి దాచిపెట్టి, చిల్లున్న ఒక అంగుళం మర ఫోర్కు వేరేది వేయించండి. దాని ముందు వంపు కాస్త ఎక్కువైతే ఇంకా మంచిది, మలుపులో కాలి వేళ్లు ముందు చక్రానికి తగలడం తగ్గుతుంది. ముందు బ్రేకు లేకుండా లీలామహల్ సర్కిల్లోకి వెళ్లే హక్కు ఎవరికీ లేదు. చెప్పుల్లేకుండా నడిచే యాత్రికులు ఎప్పుడు ఎటు అడ్డం వస్తారో చెప్పలేం.

పందెంలో వాడే 50×14 (ముందు 50, వెనక 14 పళ్లు) లాంటి పెద్ద గేరుతో అలిపిరి వైపు ఎక్కితే మోకాళ్లు పోతాయి. 44×16 పెట్టుకోండి. ఘాట్ దిగడానికి మాత్రం ఇది వద్దు. ఫ్రీవీల్ లేనందున చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి, కాళ్లను వదలవు. తెల్లవారుజామున చంద్రగిరి దారిలో తొక్కితే దీని సుఖం తెలుస్తుంది. బ్రేకు లేని అసలు రూపంలో తొక్కాలంటే ట్రాకే కావాలి, హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలోడ్రోమ్ లాంటిది. అనుమతి సంగతి కనుక్కున్నాకే సైకిలు పెట్టెలో సర్దండి.