కియాజెన్ డీఎన్‌ఈజీ కిట్: క్రేన్ ఫ్లై పొట్ట చెడకుండా డీఎన్‌ఏ

పొడుగు కాళ్లతో పెద్ద దోమలా కనిపించే క్రేన్ ఫ్లైలలో ఇప్పటికే 15 వేలకు పైగా జాతులకు పేర్లున్నాయి. ఇంకొకటి కొత్తదని చెప్పాలంటే చూడాల్సింది మగపురుగు పొట్ట చివరి జననాంగాలను. గోనోస్టైలస్ (ఆడపురుగును పట్టుకునే కొక్కెం) ఆకారం, తొమ్మిదో టెర్గైట్ (పొట్ట పైభాగపు పలక) అంచు, ఈడియాగస్ (మగ అంగం) వంపు జాతిని తేలుస్తాయి. రెక్కల ఈనెలు చాలాసార్లు ప్రజాతి దగ్గరే ఆగిపోతాయి. డీఎన్‌ఏ కోసం ఆ పొట్టనే నలిపేస్తే పోల్చడానికి ఇంకేం మిగలదు.

కియాజెన్ కంపెనీ తయారుచేసే, డీఎన్‌ఏ తీసే డీఎన్‌ఈజీ బ్లడ్ అండ్ టిష్యూ కిట్ మాకు నచ్చింది ఇందుకే. నలపకుండానే పని జరుగుతుంది. పొట్టను వేరుచేసి, ఆల్కహాల్ పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలితే ఎంజైమ్ మందగిస్తుంది. 180 మైక్రోలీటర్ల ఏటీఎల్ బఫర్‌లో (కిట్‌లోని ద్రావణాల్లో ఒకటి) 20 మైక్రోలీటర్ల ప్రొటీనేజ్ కె అనే ఎంజైమ్ కలిపి, అందులో పొట్ట వేసి, 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఉంచండి. ఎంజైమ్ కండను కరిగిస్తుంది, పై పెంకులోని కైటిన్‌ జోలికి పోదు. పొద్దున ద్రవాన్ని వేరే ట్యూబులోకి తీసి డీఎన్‌ఏ పని సాగించవచ్చు. బోలు పొట్టను కడిగి, కండ ఇంకా అంటుకుని ఉంటే 10% పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాసేపు ఉంచి, గ్లిసరాల్‌లోకి మార్చండి. ఈ వరస తిరగబడితే, అంటే క్షారం ముందు తగిలితే, డీఎన్‌ఏ మీద ఆశ వదులుకోవాల్సిందే.

తీసిన ద్రవానికి 200 మైక్రోలీటర్ల ఏఎల్ బఫర్, మరో 200 ఇథనాల్ కలిపి కాలమ్‌లో (డీఎన్‌ఏను పట్టి ఉంచే వడపోత గొట్టం) పోయాలి. ఇథనాల్ కిట్‌లో రాదు, విడిగా కొనాలి. కాలమ్‌ను కడిగే ఏడబ్ల్యూ1, ఏడబ్ల్యూ2 సీసాల్లో కూడా మొదటిసారి వాడేముందు ఇథనాల్ కలపాలి. ఇది మరిచిపోతే కడిగేటప్పుడే డీఎన్‌ఏ కొట్టుకుపోతుంది. ఏడబ్ల్యూ2 తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో మూడు నిమిషాలు పూర్తి వేగంతో తిప్పాలి. ఇథనాల్ మిగిలితే పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లను పెంచే పద్ధతి) పనిచేయదు. చివర్లో డీఎన్‌ఏను కాలమ్ నుంచి విడిపించడానికి మామూలుగా 200 మైక్రోలీటర్ల ఏఈ బఫర్ పోయమంటారు. ఒక్క పురుగుకు అది మరీ పలచన, 50 చాలు. ఏఎల్, ఏడబ్ల్యూ1లలో బ్లీచ్‌తో కలిస్తే ప్రమాదకరమైన గ్వానిడిన్ ఉంటుంది కాబట్టి ఒలికినచోట బ్లీచింగ్ ద్రావణం అస్సలు వాడకండి.

కిట్ చేతిలో లేనివీ ఉన్నాయి. సూదికి గుచ్చిన పాత మ్యూజియం నమూనాల్లో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. జాతులను పోల్చడానికి వాడే 658 అక్షరాల సీవోఐ జన్యుభాగం మొత్తంగా రాకపోతే చిన్న ముక్కలు పెంచుకోవాలి. సీవోఐని పట్టడానికి పీసీఆర్‌లో వాడే ఫోల్మర్ ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒక్కోసారి పురుగు లోపలి వోల్బాకియా బ్యాక్టీరియా జన్యువును కూడా పట్టేస్తాయి. అలాగే వచ్చిన సీక్వెన్స్‌ను అకశేరుక మైటోకాండ్రియా కోడ్‌తో ప్రొటీన్‌గా మార్చి చూడాలి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ ఆగాలని చెప్పే గుర్తు) కనిపిస్తే అది మైటోకాండ్రియా నుంచి కేంద్రకంలోకి చేరిన నకలు కావచ్చు. అన్నీ సరిగా ఉన్నా, తెలిసిన జాతితో 2% తేడా వచ్చిందని కొత్త పేరు పెట్టడం తొందరపాటే. జననాంగాల్లోనూ తేడా కనిపించాలి. ఆడపురుగును దాని మగపురుగుతో జతచేయడంలో మాత్రం డీఎన్‌ఏను మించిన సాయం లేదు.

ఒక్కో కాలమ్ ఒక్కసారికే. వందల పురుగుల సర్వేకు ఇది ఖరీదైన దారి. అలాంటి పనికి రాలిన కాళ్లు, డీఎన్‌ఏను చవగ్గా తీసే చెలెక్స్ రెసిన్ సరిపోతాయి. హోలోటైప్ (కొత్త జాతి పేరుకు ఆధారంగా ఉంచే నమూనా) కాబోయే మగపురుగుకు మాత్రం ఈ కిట్టే వాడండి. పొట్ట ఉన్న గ్లిసరాల్ సీసాను పురుగును గుచ్చిన సూదికే గుచ్చి, డీఎన్‌ఏ ట్యూబుకూ ఆ పురుగు నంబరే రాయండి.