ఏలియన్ 3: మెగా డ్రైవ్‌దా, సూపర్ నింటెండోదా, ఏది ఆడాలి?

ఒకే సినిమా, ఒకే పేరు, తయారు చేసింది కూడా ఒకే కంపెనీ, బ్రిటన్‌లోని ప్రోబ్ వాళ్ళు. అయినా టీవీకి తగిలించి ఆడే పాత గేమ్ మెషీన్లలో సెగా మెగా డ్రైవ్ మీద వచ్చిన ఏలియన్ 3 గేముకీ, సూపర్ నింటెండో మీద వచ్చినదానికీ ఎక్కడా పోలికుండదు. రెట్రో గేమ్స్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఈ రెండూ ఒకటే అనుకుని ఏదో ఒకటి ఆడి వదిలేస్తారు, అందుకే ఇదంతా రాస్తున్నా.

1992లో డేవిడ్ ఫించర్ తీసిన సినిమాలో ఉండేది ఒకే ఒక్క ఏలియన్, జైలు గ్రహంలో ఎవడి చేతిలోనూ తుపాకీ ఉండదు, భయమంతా అక్కడే ఉంది. గేముల్లో ఏమో ఏలియన్లు గుంపులుగా వస్తాయి, సినిమా హీరోయిన్ రిప్లీ (మనం ఆడేది ఆమెతోనే) చేతిలో పల్స్ రైఫిల్, మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోయర్, గ్రెనేడ్ లాంచర్. ఇది రెండిట్లోనూ ఉన్నదే కాబట్టి పక్కన పెట్టేద్దాం.

మెగా డ్రైవ్‌ది మొత్తం పరుగే. గోడలకి అతుక్కుపోయి ఉన్న ఖైదీలందర్నీ టైమ్ అయిపోయేలోపు విడిపించి ఎగ్జిట్ దగ్గరికి చేరాలి, అంతే. వినడానికి సింపుల్‌గానే ఉంటుంది గానీ ఆ టైమర్ ఉంది చూశారూ, ఒక్క నిచ్చెన తప్పుగా ఎక్కితే చాలు, ఇంకో ఖైదీ ఎక్కడో మూల మిగిలిపోయి ఉంటాడు, సెకన్లు కరిగిపోతుంటాయి, ఇటు ఏలియన్ దూసుకొస్తుంటుంది. ఒక లెవెల్ బాగా రావాలంటే దారి బట్టీ పట్టాల్సిందే. దారి వచ్చాక మాత్రం చెయ్యి దానంతటదే ఆడుతుంది, ఆ మజా వేరు. అయితే పది లెవెల్స్ ఆడినా చేసేది అదే పని, ఇది నాకు పెద్ద లోటే.

1993లో వచ్చిన సూపర్ నింటెండో వెర్షన్ పద్ధతే వేరు. గేములో అక్కడక్కడా ఉండే కంప్యూటర్ టెర్మినల్ దగ్గరికెళ్తే మిషన్ల (చెయ్యాల్సిన పనుల) లిస్టు కనిపిస్తుంది: ఒకచోట ఖైదీల్ని కాపాడాలి, ఇంకోచోట తలుపులకి వెల్డింగ్ పెట్టాలి, పగిలిన పైపులు బాగుచెయ్యాలి, ఏలియన్ గుడ్లు నాశనం చెయ్యాలి. టైమర్ తరమదు. పని ఎక్కడుందో టెర్మినల్ చూపించే బ్లూప్రింట్‌లో, అంటే మ్యాప్‌లో చూసుకుని, ఏ తలుపు తర్వాత ఏ డక్ట్ (పాకుతూ వెళ్ళే గొట్టం దారి) అన్నది గుర్తుపెట్టుకుని బయల్దేరాలి, మధ్యలో మర్చిపోయామా, మళ్ళీ టెర్మినల్ వెతుక్కోవాల్సిందే. బుల్లెట్లు అయిపోతూ, ఇరుకు డక్ట్‌లో పాకుతూ పోతుంటే ఎదురుగా ఏలియన్ వస్తుంది చూడండి, అప్పుడు సినిమాలో ఉన్న ఊపిరాడనితనం నిజంగా తెలుస్తుంది. రంగులు కూడా తుప్పు పట్టిన ఇనుములా ముదురుగా ఉంటాయి, మ్యూజిక్ నెమ్మదిగా నడుస్తుంది. మెగా డ్రైవ్ మ్యూజిక్ వినడానికి హుషారుగా ఉంటుంది, నాకూ ఇష్టమే, కానీ భయం పెట్టదు.

నింటెండోదానికి ఓపిక కావాలి, అది నిజం. చుట్టూ తిరిగిన కారిడార్లే మళ్ళీ మళ్ళీ తిరగాలి, కొందరికి విసుగొస్తుంది. కానీ ఆపిన స్టేజ్ నుంచి మళ్ళీ మొదలుపెట్టడానికి పాస్‌వర్డ్ ఉంది కాబట్టి ఒక్కరోజులో పూర్తి చెయ్యక్కర్లేదు.

చేత్తో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్‌లో కూడా ఒక ఏలియన్ 3 ఉంది, అది పైనుంచి చూసే రకం, ఈ లెక్కలోకి రాదు.

నన్నడిగితే సూపర్ నింటెండోదే మేలు, అనుమానమే లేదు. ఖాళీగా అరగంట దొరికి చేతులు దురదపెడుతుంటే మెగా డ్రైవ్‌ది పెట్టండి, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా ఆడేట్టయితే నింటెండోది, దారులు గీసుకోడానికి పక్కన ఒక కాగితం ఉంచుకోండి, మొదటి స్టేజ్‌లోనే అవసరమవుతుంది.