తారు రోల్ మీద కోపం లేదు, మేకుల మీదే

షెడ్డు పైకప్పుకి తారు రోల్ (తారు పట్టించి, పైన రాతి పలుకులు అద్దిన షీటు చుట్ట) వేయించి చాలా వానాకాలాలు గడిచాయి కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. షీటుతో నాకు పెద్ద పేచీ లేదు. కోపమంతా పైకి కనపడేలా కొట్టే ఆ మేకుల మీదే.

ప్లైవుడ్ కప్పు మీద షీటుని వరసలుగా పరిచి, పై వరస అంచు కింది వరస మీదికొచ్చే అతుకు పొడుగునా మేకులు కొడతారు. మొదట్లో చుక్క కూడా కారలేదు, అడిగిన వాళ్లందరికీ ఇదే వేసుకోండి అని చెప్పాను. తర్వాత ఒక వానకి షెడ్డు కురిసింది. నేల మీద నీళ్లు పడ్డచోటుకి సరిగ్గా పైన కప్పు ఎక్కి చూస్తే షీటు చెక్కుచెదరలేదు, చిల్లు లేదు, పగులు లేదు. లోపలికొచ్చి టార్చ్ వేస్తే ప్లైవుడ్ అడుగున సన్నటి మరక ఒకటి కొప్పు వైపు పోతోంది. దాని వెంటే చూసుకుంటూ పోతే బాగా పైన, అతుకు దగ్గర, చెక్కలోంచి బయటికొచ్చిన మేకు మొన కనపడింది. చుట్టూ చెక్క నల్లబడింది, మొన చివర ఒక చుక్క వేలాడుతోంది. నీళ్లు అక్కడ దిగి, ప్లైవుడ్ అడుగునే పాకి, ఇంకెక్కడో పడుతున్నాయన్నమాట. మళ్లీ పైకెక్కి చూస్తే ఆ మేకు తల కింద గోరు దూరేంత సందుంది. ఆ వరస పొడుగునా అరచేత్తో తడిమితే అలా లేచినవి ఇంకొన్ని చేతికి తగిలాయి.

చెక్క తేమకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. ఆ లాగుడుకి మేకు కొంచెం కొంచెంగా పైకొస్తుంది. ఎంత బాగా కొట్టినా ఇది తప్పదు, ఒక్కో అతుకు మీద మూడేసి అంగుళాలకో మేకు ఉన్నప్పుడు ఏదో ఒకటి లేవకుండా ఎలా ఉంటుంది? లేచినదాన్ని సుత్తితో మళ్లీ దిగ్గొట్టడం దండగ, వదులైన బొక్కలోంచి అది మళ్లీ వస్తుంది. పీకేసి, బొక్కలో తారు జిగురు నింపి, పక్కన ఒంటి మీద గాడులున్న గాల్వనైజ్డ్ (తుప్పు పట్టకుండా జింక్ పూత వేసిన) మేకు కొట్టి, రెండింటి మీదా జిగురు పూశాను. అక్కడ మళ్లీ కారలేదు.

పైనున్న రాతి పలుకులు గట్టిగా అంటుకుని ఉంటాయని కూడా అప్పట్లో చెప్పాను. నీడ పడే వైపు నిజమే. రోజంతా ఎండ కాసే వైపు మాత్రం అక్కడక్కడ రాలిపోయి నల్లటి తారు బయటపడింది, అలాంటిచోట షీటు త్వరగా ఎండి పెళుసెక్కుతుంది.

నా షెడ్డులో ఉండేవి పనిముట్లు, పాత సామాను. వానలకి ముందు నిచ్చెన వేసుకుని మేకులు తడిమి చూసుకునే ఓపిక నాకుంది, అందుకే ఇది నాకు సరిపోతోంది. కప్పు ఎక్కలేని వాళ్లకీ, తడిస్తే పాడయ్యే సామాను పెట్టుకునే వాళ్లకీ ఈ పద్ధతి చెప్పలేను. కప్పు వాలు ప్రతి అడుగు దూరానికి రెండంగుళాల దిగుడు కంటే తక్కువైతే అసలు వద్దు. మళ్లీ వేయాల్సి వస్తే నేను మాత్రం మేకులన్నీ పై వరస కింద దాగిపోయే పద్ధతిలోనే వేయిస్తాను. షీటు, జిగురు ఎక్కువ పడతాయి, పడనీ.