నేపాల్ చలికాలపు కరెంటు: పారే నది, నిలిపిన నీరు, ఎండ – ఏది మేలు?

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర కోసీ గట్టు తెగింది. వరద ఇటు బిహార్‌ను ముంచింది, అటు భారత్ నుంచి నేపాల్‌కు కరెంటు తెచ్చే లైను టవర్లనూ పడగొట్టింది. ఆ చలికాలంలో ఖాట్మండులో కోత రోజుకు 16 గంటల దాకా వెళ్లింది. నగరాన్ని గ్రూపులుగా విడగొట్టి, ఏ గ్రూపుకు ఏ రోజు ఏ గంటల్లో కరెంటు ఉంటుందో పత్రికల్లో పట్టిక వేసేవారు. ఆ పట్టిక వంటింటి గోడ మీద ఉండాల్సిందే. బావిలోంచి మోటారుతో నీళ్లు తోడుకోవడం, బట్టల ఇస్త్రీ, పిల్లల చదువు అన్నీ దాని ప్రకారమే నడిచేవి. అర్ధరాత్రి కరెంటు వస్తే అర్ధరాత్రే లేవాలి. స్తోమత ఉన్నవాళ్లు ఇన్వర్టర్ కొనుక్కున్నారు, దుకాణాల ముందు జనరేటర్లు పొగలు కక్కాయి.

ఇదంతా జరిగింది నీళ్లు లేని దేశంలో కాదు. ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల జల విద్యుత్ కేంద్రం 1911లోనే మొదలైంది. ఆర్థికంగా గిట్టుబాటయ్యే జల విద్యుత్తే 43,000 మెగావాట్లు ఉంటుందని అక్కడి పాఠ్యపుస్తకాల నుంచి మంత్రుల ప్రసంగాల దాకా అందరూ చెప్పే లెక్క. బొగ్గు, చమురు చెప్పుకోదగ్గంత లేవు. సొంత ఇంధనం అంటే నీరు, ఎండ, పశువుల పేడ. పేడతో నడిచే గోబర్ గ్యాస్ పల్లెల్లో లక్షల పొయ్యిలు వెలిగించింది కానీ, ఆ మేలు వంట వరకే. పోటీ నీటికీ ఎండకీ మధ్యే.

ఈ పోటీలో చాలామంది చేసే పొరపాటు మెగావాట్లు పక్కపక్కన పెట్టి చూడటం. 2024 నాటికే నేపాల్ స్థాపిత సామర్థ్యం 3,000 మెగావాట్లు దాటింది. గరిష్ఠ డిమాండ్ అంతకన్నా తక్కువే. అయినా చలికాలంలో భారత్ నుంచి కొనక తప్పడం లేదు. కాబట్టి నేను ప్రతిదాన్నీ ఒకే ప్రశ్న అడుగుతాను: జనవరి నెలలో, సాయంత్రం ఆరు గంటలకు, నువ్వు ఎంత ఇవ్వగలవు?

ముందు పారే నది. నేపాల్ కేంద్రాల్లో అత్యధికం ఈ రకమే. నదికి అడ్డంగా చిన్న కట్ట కడతారు, నీటిని సొరంగంలోకి మళ్లిస్తారు, కొండ దిగువన టర్బైన్ తిప్పించి మళ్లీ నదిలోకే వదిలేస్తారు. ముంపు దాదాపు ఉండదు, ఊళ్లు ఖాళీ చేయించే పని లేదు, ప్రైవేటువాళ్లు కూడా కట్టగలరు. చిక్కల్లా, నీటిని దాచుకోలేకపోవడమే. ఆషాఢ శ్రావణాల్లో నది ఉరకలు వేస్తుంటే కరెంటు కొనేవాళ్లు లేక నీటిని వట్టిగా వదిలేయాల్సి వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో అదే కేంద్రం మూడో వంతు ఇస్తే గొప్ప. వాగు కింద సేద్యానికీ చెరువు కింద సేద్యానికీ మన దగ్గర ఉన్న తేడాయే అక్కడ పారే నీటి కేంద్రానికీ జలాశయానికీ ఉంది.

కేంద్రాల నుంచి కరెంటు కొని పంచే ప్రభుత్వ సంస్థ, నేపాల్ విద్యుత్ ప్రాధికార సంస్థ, ఇచ్చే ధర చూస్తే ఈ సంగతి వాళ్లకూ తెలుసని అర్థమవుతుంది. 2017 నిబంధనల ప్రకారం పారే నీటి కరెంటుకు వానాకాలంలో యూనిట్‌కు 4.80 నేపాలీ రూపాయలు, ఎండు నెలల్లో 8.40. జలాశయం కరెంటుకు 7.10, 12.40. (మన రూపాయి వాళ్ల 1.60కి సమానం.) ఎండు నెలల యూనిట్ ఎంత విలువైనదో ఈ అంకెలే చెబుతాయి. అయినా పెట్టుబడి పారే నది వైపే పరుగెత్తింది. కట్టడం తేలిక కాబట్టి.

మరి జలాశయం? చాలా కాలంగా నేపాల్ గ్రిడ్‌కు దిక్కు కులేఖాని ఒక్కటే. మక్వాన్‌పుర్ జిల్లాలో 114 మీటర్ల ఎత్తున రాళ్లతో పేర్చిన ఆనకట్ట, దాని వెనక ఇంద్ర సరోవరం. 1982లో 60 మెగావాట్లతో మొదలై, అదే నీటిని కింద మరో రెండుచోట్ల వాడుకుంటూ మొత్తం 106 మెగావాట్లయింది. హిమాలయాల మంచుతో దీనికి సంబంధం లేదు, నిండాలంటే వాన పడాల్సిందే. సరస్సు మట్టం 1,530 మీటర్లకు చేరిందా లేదా అని ఏటా శరదృతువులో గ్రిడ్ అధికారులు చూస్తారు. చేరితే చలికాలం సాయంత్రాలకు భరోసా. 1993 జులై వరదలో నీటిని టర్బైన్ల మీదికి దింపే దీని పెన్‌స్టాక్ గొట్టం దెబ్బతింటే దేశమంతా కోతలు వచ్చాయంటే ఆధారం ఎంతగా ఉందో ఊహించుకోవచ్చు.

అయితే ఇలాంటివి ఇంకా ఎందుకు కట్టలేదు? బూఢీ గండకి కథ చూస్తే సరి. 263 మీటర్ల ఆనకట్ట, 1,200 మెగావాట్లు, ఖాట్మండుకు దగ్గర. కాగితం మీద ఇంతకన్నా మంచిది లేదు. 2017లో ఒక చైనా కంపెనీకి అప్పగించారు, కొన్ని నెలలకే రద్దు చేశారు, ప్రభుత్వం మారగానే మళ్లీ అదే కంపెనీకి ఇచ్చారు, 2022లో మళ్లీ రద్దు చేశారు. ఈలోగా దీని పేరు చెప్పి పెట్రోలు మీద పన్ను వసూలైంది, వేల కుటుంబాల భూములకు పరిహారమూ పంచారు, ఆనకట్ట మాత్రం లేవలేదు. పోలవరం ముంపు మండలాల గోడు విన్న తెలుగువాళ్లకు ఆ ఊళ్ల పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు: పొలం అమ్ముకోలేరు, ఇల్లు బాగు చేసుకోలేరు, ఎప్పుడు వెళ్లాలో తెలియదు.

తెలుగు గడ్డతో నేరుగా ముడిపడిన కథ కూడా ఒకటుంది. రాజాంలో మూలాలున్న జీఎంఆర్ సంస్థ 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీ కోసం 2014లో నేపాల్‌తో ఒప్పందం చేసుకుంది. పదేళ్లు గడిచినా నిధుల సమీకరణ దగ్గరే ఆగిపోయింది. అక్కడివారి అభ్యంతరం ఆలస్యం గురించి మాత్రమే కాదు. అదే చోట పెద్ద జలాశయం కడితే 4,180 మెగావాట్లు వస్తాయి, ఎండు నెలల్లో నీరూ దొరుకుతుంది, అలాంటి స్థలాన్ని పారే నీటి కేంద్రానికి ఎందుకు ఖర్చు చేయాలని వాళ్ల ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. కానీ అంత పెద్ద జలాశయానికి పెట్టుబడి ఎవరు పెడతారు, ముంపు ఎవరు భరిస్తారు అని తిరిగి అడిగితే వాళ్లూ నీళ్లు నమలాల్సిందే.

ఇక ఎండ. సాయంత్రం ఆరు గంటలన్న నా ప్రశ్నకు సౌర ఫలకం జవాబు సున్నా. అక్కడితో తీసిపారేయాలా? తొందరపడకూడదు. నేపాల్‌లో నదులు నిండే నెలల్లో ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది. నదులు ఎండే నెలల్లో, ఉదయపు మంచు పొర విడిపోయాక, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నది సెలవు తీసుకునే కాలమూ ఎండ పనిచేసే కాలమూ ఒకటే. పైగా పగలు ఎండతో నడిచిన ప్రతి గంటా కులేఖానిలో నీరు మిగులుతుంది. కులేఖాని ఒక్కటే కాదు, 144 మెగావాట్ల కాలీ గండకి, 456 మెగావాట్ల అప్పర్ తామాకోసీ లాంటివి కొన్ని గంటల నీటిని ఆపుకోగలవు. పగలంతా ఆపి సాయంత్రం ఒక్కసారిగా వదిలితే ఆరు గంటల ప్రశ్నకు జవాబు అక్కడ దొరుకుతుంది. శ్రీశైలం ఎడమగట్టులో టర్బైన్లను వెనక్కి తిప్పి నీటిని పైకి తోడేంత హంగు కూడా దీనికి అక్కర్లేదు. నీటిని వదలకుండా ఆగితే చాలు.

నువాకోట్‌లో ఇదే పని చిన్నగా జరిగింది. ప్రపంచ బ్యాంకు రుణంతో కట్టిన 25 మెగావాట్ల సౌర కేంద్రానికి కొత్తగా భూమి వెతకలేదు. త్రిశూలి, దేవీఘాట్ పాత జల విద్యుత్ కేంద్రాల ఖాళీ స్థలాల్లోనే ఫలకాలు పరిచారు. లైను అక్కడే ఉంది, సిబ్బంది అక్కడే ఉన్నారు. కానీ ప్రతిచోటా ఇలా కుదరదు. ఒక్కో మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, చదునైన నేలంతా భారత్ సరిహద్దు వెంబడి ఉన్న తరాయి మైదానంలోనే ఉంది, అది దేశానికి అన్నం పెట్టే నేల. వందల మెగావాట్ల సౌర పార్కులకు తరాయి వరి పొలాలు ఇవ్వమంటే నేను ఒప్పుకోను. పాత కేంద్రాల స్థలాలు, ఫ్యాక్టరీల రేకుల కప్పులు, ఖాట్మండు డాబాలు ముందు నిండాలి.

నీటికి ఇంకో గండం ఉంది, దాన్ని లెక్కల్లో పెద్దగా చూపరు. 2024 సెప్టెంబరు చివరి వరదలకు అప్పర్ తామాకోసీ దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. నేపాలీల భవిష్య నిధితో, సొంత సంస్థల డబ్బుతో, విదేశీ రుణం లేకుండా కట్టుకున్న కేంద్రం అది. దేశంలో అతి పెద్దది. ఒక్క కొండచరియ జారితే అంతా ఆగింది. పాతిక చోట్ల పరిచిన ఫలకాలకు ఆ ప్రమాదం లేదు.

కోతలు నిజంగా ఎలా పోయాయో కూడా చెప్పుకోవాలి. 2016 సెప్టెంబరులో కుల్‌మాన్ ఘీసింగ్ ప్రాధికార సంస్థ పగ్గాలు చేపట్టాక, ఆ దీపావళికే ఖాట్మండులో కోత ఆగింది. అంత త్వరగా ఏ ఆనకట్టా లేవదు. ఫ్యాక్టరీలకు ప్రత్యేక లైన్లలో 24 గంటలూ వెళ్తున్న సరఫరాను సాయంత్రం తగ్గించారు, కులేఖాని నీటిని పొదుపుగా వాడారు, ధల్‌కేబర్–ముజఫర్‌పుర్ లైనులో భారత్ కరెంటు తెచ్చారు. మూడో మందు చవకైనదే కానీ నమ్మదగినది కాదు. 2022 వసంతంలో మన దగ్గర బొగ్గు కొరత వచ్చి, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ధర చుక్కలంటితే, అక్కడి ఫ్యాక్టరీలకు మళ్లీ కోతలు తప్పలేదు.

నన్ను అడిగితే పారే నది మీద కొత్త అనుమతులకు కొన్నేళ్లు విరామం ఇవ్వాలి. ఉన్నవాటి వానాకాలపు మిగులే అమ్ముకోవడానికి తంటాలు పడుతున్నప్పుడు ఇంకొకటి ఎందుకు? కొత్త డబ్బు ముందుగా వెళ్లాల్సింది ఎండ మీదికి. పాత కేంద్రాల పక్కన, చిన్న చిన్న ముక్కలుగా. జలాశయాల్లో బూఢీ గండకి కన్నా తనహూలో నిర్మాణంలో ఉన్న 140 మెగావాట్ల కేంద్రం లాంటి మధ్యరకం వాటికే నా ఓటు. ముంపు తక్కువ, అప్పు తీర్చగలిగేంత. ఈ రెండూ చేతికందే దాకా జనవరి సాయంత్రాల్లో భారత్ కరెంటు కొనాల్సిందే. 2021 నవంబరులో త్రిశూలి, దేవీఘాట్‌ల 39 మెగావాట్లతో మన ఎక్స్ఛేంజీలో అమ్మకం మొదలుపెట్టింది నేపాల్. 2024 జనవరిలో పదేళ్లలో 10,000 మెగావాట్ల దాకా కొంటామని భారత్ ఒప్పందమూ చేసుకుంది. శ్రావణంలో అమ్మిన దానికి మాఘంలో కొన్నది చెల్లు పెట్టుకోగలిగితే, ఆ కొనుగోలు నేపాల్‌కు నామోషీ కాదు.